గల్లాపెట్టె: డీల్ పెట్టాలా, వద్దా?

ఈమధ్య ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ ఎక్కువగా ఒకే విషయం మీద ఉంటున్నాయి. ఎవరో కుర్రాడు ట్యాబ్ పట్టుకుని షాపుకి వస్తాడు. "మేడమ్, మా యాప్‌లో డీల్ పెట్టండి, వందల మంది కొత్త కస్టమర్లు వస్తారు, ముందు మీరు పైసా కట్టక్కర్లేదు" అంటాడు. ఒప్పుకోవచ్చా అని మీరు అడుగుతున్నారు. విజయవాడ గవర్నర్‌పేటలో చిన్నచిన్న షాపుల లెక్కలు రాసి బతికినదాన్ని నేను. ఆ పుస్తకాల్లో చూసినదాన్ని బట్టీ, బయటి దేశాల్లో జరిగినదాని గురించి చదివినదాన్ని బట్టీ చెబుతాను. ఈ వారం అన్నీ డీల్ ప్రశ్నలే.

ప్రశ్న: మాకు చిన్న మెస్ ఉంది. ఫుల్ మీల్స్ 200 రూపాయలు. 40 శాతం తగ్గించి డీల్ పెడితే వంద కూపన్లు అమ్మిపెడతామని ఒక కంపెనీ వాళ్ళు వచ్చారు. అమ్మిన సొమ్ములో 25 శాతం వాళ్ళ కమీషన్. మా ఆయన పెడదామంటున్నారు. నాకు భయంగా ఉంది. – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ భయంలో న్యాయం ఉందమ్మా. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ లెక్క ఇద్దరూ కలిసి వేయండి.

బియ్యం, పప్పు, కూరగాయలు, నూనె, పెరుగు, గ్యాస్ అన్నీ కలిపి ఒక భోజనానికి 85 రూపాయలు అవుతుందనుకుందాం. మీ అసలు ఖర్చు ఎంతో మీకే తెలుసు, దాన్నే వేసుకోండి. మామూలుగా ఒకాయన వచ్చి తిని 200 ఇచ్చి వెళ్తే మీ చేతిలో 115 మిగులుతాయి. మాస్టరు జీతం, సప్లయర్ల జీతం, అద్దె, కరెంటు, ఆఖరికి మీ ఇల్లు గడవడం, అన్నీ ఆ 115లోంచే.

ఇప్పుడు డీల్ చూడండి. కస్టమర్ యాప్‌లో 120 కడతాడు. అందులో పావు వంతు, అంటే 30 రూపాయలు కంపెనీకి. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది 5 రూపాయల 40 పైసలు. మీ ఖాతాలో పడేది 84 రూపాయల 60 పైసలు. భోజనానికి సరుకు ఖర్చు 85. అన్నం పెట్టి ఎదురు 40 పైసలు ఇచ్చి పంపుతున్నారన్నమాట. జీతాలూ అద్దే నేనింకా లెక్కలోకి తీసుకోలేదు. ఆ 5.40 చిన్న మొత్తమే కదా అని చాలామంది వదిలేస్తారు. పెద్ద కంపెనీలైతే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని, వెనక్కి రాబట్టుకుంటాయి. 5 శాతం జీఎస్టీ కట్టే హోటళ్ళకు ఆ క్రెడిట్ లేదు, కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్ళకూ లేదు, జీఎస్టీ రిజిస్ట్రేషనే లేని చిన్న మెస్‌కి అసలే లేదు. అది పూర్తిగా మీ చేతిచమురే.

"నష్టమేముంది, వంద మంది కొత్తవాళ్ళు మన రుచి చూస్తారు కదా" అని మీవారు అనొచ్చు. ఆ మాటా నిజమే. అయితే వంద మందీ కొత్తవాళ్ళు కారు. రోజూ మీ దగ్గరే తినేవాళ్ళ ఫోన్లలో కూడా ఆ యాప్ ఉంటుంది. 120కే దొరుకుతున్నప్పుడు 200 ఎందుకు కడతారు? వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. వందలో 30 కూపన్లు మీ పాత బేరాలే కొన్నాయనుకోండి. ఒక్కొక్కరి మీద మీకు రావాల్సిన 115 పోయింది, పైన ఆ 40 పైసలూ పోయాయి. మిగతా 70 మంది మీద తలా 40 పైసలు. మొత్తం 3,490 రూపాయలు. దీన్ని పూడ్చుకోవాలంటే కొత్తగా వచ్చిన ఆ 70 మందిలో 31 మంది ఇంకోసారి వచ్చి పూర్తి ధరకు తినాలి. అప్పటికి మీరు డీల్ పెట్టకముందు ఉన్న చోటికి వస్తారు. లాభం ఆ తర్వాతి మాట. నగరంలో ఏ మూలనుంచో కూపన్ కోసం బండేసుకుని వచ్చినవాడు మళ్ళీ పూర్తి ధరకు అంత దూరం వస్తాడా అన్నది మీరే ఆలోచించండి.

నేను లెక్కలు రాసిన ఒక మెస్‌లో జరిగింది చెబుతాను. పేరెందుకులెండి. మధ్యాహ్నం ఒంటిగంటకు కోర్టు గుమాస్తాలూ, చుట్టుపక్కల ఆఫీసులవాళ్ళూ వచ్చి తినేవాళ్ళు. అరగంటలో తిని వెళ్ళిపోవాల్సినవాళ్ళు. డీల్ పెట్టిన వారం బల్లలన్నీ కూపన్లవాళ్ళతో నిండిపోయి వీళ్ళు గుమ్మం బయట నిలబడాల్సి వచ్చింది. రెండు మూడు రోజులు ఓపిక పట్టి, తర్వాత పక్క వీధిలోని మెస్‌కి వెళ్ళడం మొదలుపెట్టారు. కూపన్లు అయిపోయాక బల్లలు ఖాళీ అయ్యాయి, కానీ వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. ఆ యజమాని మంచి వంటవాడు, మనిషికి ఒళ్ళొంచి పనిచేయడం తప్ప ఇంకోటి తెలియదు. ఆ నష్టం పుస్తకంలో ఎక్కడ రాయమంటారని నన్ను అడిగాడు. రాయడానికి గడి లేదు. రోజువారీ అమ్మకం తగ్గుతూ రావడం మాత్రమే కనిపించింది. డీల్ మాట వచ్చినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే.

మీరు కొత్త బేరాలే కావాలనుకుంటే మన మెస్‌లలో ఎప్పటినుంచో ఉన్న టికెట్ల పుస్తకం పద్ధతి చూడండి. 30 భోజనాలకు 6,000 ముందే కడితే 32 టికెట్లు ఇవ్వండి. ఆ రెండు భోజనాలకు మీకయ్యే సరుకు ఖర్చు 170 రూపాయలు. డబ్బు ముందే మీ గల్లాపెట్టెలో పడుతుంది, కమీషన్ ఉండదు, తగ్గింపు కూడా రోజూ మీ చేతి వంట తినేవాళ్ళకే దక్కుతుంది. చుట్టుపక్కల హాస్టళ్ళూ కోచింగ్ సెంటర్లూ ఉంటే వాళ్ళకు ఈ పుస్తకం గురించి చెప్పి రండి.

ప్రశ్న: నేను బీకాం చదువుతున్నాను. మా ప్రాజెక్టుకి డైలీ డీల్స్ అంశం తీసుకున్నాను. వీటివల్ల చిన్న వ్యాపారాలకు లాభమని ఎక్కడైనా తేలిందా? – ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మంచి అంశం తీసుకున్నావు బాబూ. మొదలు ఎక్కడో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

ఈ పద్ధతిని లోకమంతా పాకించింది అమెరికాలోని షికాగోలో 2008 నవంబరులో మొదలైన గ్రూపాన్ అనే కంపెనీ. వాళ్ళ మొదటి డీల్ తమ ఆఫీసున్న భవనంలోనే కింది అంతస్తులో ఉన్న ఒక బార్‌లో పిజ్జాలు: ఒకటి ధరకు రెండు. అప్పట్లో ఫలానా సంఖ్యలో జనం కొంటేనే డీల్ అమల్లోకి వచ్చేది, కాబట్టి కొన్నవాళ్ళే పది మందికి చెప్పేవాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి గూగుల్ దాదాపు 600 కోట్ల డాలర్లిచ్చి కొంటానంది. వీళ్ళు వద్దన్నారు. 2011 నవంబరులో షేరు 20 డాలర్ల చొప్పున పబ్లిక్ ఇష్యూకి వెళ్ళారు. 2013 ఫిబ్రవరి ఆఖరుకల్లా షేరు పడిపోయి, స్థాపకుడు ఆండ్రూ మేసన్‌ను సీఈఓ పదవిలోంచి తీసేశారు.

మన దేశంలో చూస్తే, స్నాప్‌డీల్ కూడా 2010లో రోజువారీ డీల్స్‌తోనే మొదలైంది. తర్వాత ఆ దారి వదిలేసి వస్తువులు అమ్మే ఆన్‌లైన్ దుకాణంగా మారింది. గ్రూపాన్ 2011లో సోసస్తా అనే కంపెనీని కొని ఇక్కడ అడుగుపెట్టింది. 2015లో ఆ వ్యాపారం పేరు నియర్‌బై అయింది. 2013 సెప్టెంబరులో ఉల్లిపాయల ధర మండిపోతున్నప్పుడు కిలో 9 రూపాయలకు అమ్మింది కూడా ఆ గ్రూపానే. 3,000 కిలోలు 44 నిమిషాల్లో అయిపోయాయి. పేపర్లన్నీ రాశాయి. అది కంపెనీ తన పేరు కోసం తన డబ్బు పెట్టి చేసుకున్న ప్రచారం. మామూలు డీల్‌లో ఆ తేడా భరించేది షాపువాడు. నీ ప్రాజెక్టులో ఈ భేదం తప్పకుండా రాయి.

ఇక లాభనష్టాల సంగతి. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉత్పల్ ధోలకియా అనే ప్రొఫెసర్ 2010లో, గ్రూపాన్ డీల్ పెట్టిన 150 వ్యాపారాలను అడిగి చూశారు. లాభం వచ్చిందన్నవాళ్ళు 66 శాతం, రాలేదన్నవాళ్ళు 32 శాతం. ఇంకోసారి పెట్టబోమన్నవాళ్ళు మాత్రం 40 శాతం దాటారు. ఈ అంకె దగ్గర కాస్త ఆగు. అంటే లాభం వచ్చిందన్నవాళ్ళలో కూడా కొందరు మళ్ళీ వద్దంటున్నారు. ఆ ఒక్క డీల్ డబ్బులు గిట్టాయేమో కానీ, వచ్చినవాళ్ళు మళ్ళీ రారని వాళ్ళకు అర్థమై ఉంటుందని నేను అనుకుంటున్నాను. సేవలందించే వ్యాపారాల్లో హోటళ్ళకు అన్నిటికంటే తక్కువ ఫలితం దక్కింది, స్పాలకూ సెలూన్లకూ మంచి ఫలితం వచ్చింది.

హార్వర్డ్‌కి చెందిన ముగ్గురు, ఎడెల్‌మన్, జాఫీ, కొమినర్స్, ఇదే విషయాన్ని సిద్ధాంతపరంగా విడదీసి చూశారు. ఇంకా జనానికి అంతగా తెలియని షాపుకీ, ఒక్కో కస్టమర్ మీద అదనంగా అయ్యే ఖర్చు తక్కువగా ఉన్న షాపుకీ డీల్ పనికొచ్చే అవకాశం ఎక్కువని తేల్చారు. నేను పుస్తకాల్లో చూసిందీ సరిగ్గా ఇదే. ఖాళీగా ఉన్న కుర్చీని అమ్మితే గిట్టుబాటు, పొయ్యి మీద ఉడికే సరుకుని అమ్మితే కష్టం.

ఒక ఉదాహరణ కావాలంటే అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పోజీస్ అనే కేఫ్ కథ చదువు. 13 డాలర్ల విలువైన సరుకుని 6 డాలర్ల కూపన్‌కి ఇచ్చారు. దాదాపు వెయ్యి కూపన్లు అమ్ముడయ్యాయి. జీతాలూ అద్దే కట్టడానికి సొంత పొదుపులోంచి 8,000 డాలర్లు తీయాల్సి వచ్చిందని యజమానురాలు 2010లో రాసుకుంది.

ప్రశ్న: కూకట్‌పల్లిలో నాకు బ్యూటీ పార్లర్ ఉంది. శని, ఆదివారాలు తీరికే ఉండదు. మిగతా రోజుల్లో మధ్యాహ్నాలు మా అమ్మాయిలు ఖాళీగా కూర్చుంటున్నారు. ఫేషియల్ మీద సగం ధర డీల్ పెడితే మంచిదేనా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీకు పనికొస్తుంది, కానీ పగ్గాలు మీ చేతిలో ఉండాలి.

మీ ఫేషియల్ 1,000 రూపాయలనుకుందాం. క్రీములూ మిగతా సామానూ 180. సగం ధర డీల్ అంటే 500. కమీషన్ 20 శాతం, అంటే 100, దాని మీద జీఎస్టీ 18. మీకొచ్చేది 382. సామాను ఖర్చు తీసేస్తే 202 మిగులుతుంది. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు, ఎవరూ లేనప్పుడు ఆ 202 వస్తే అది నిజమైన ఆదాయమే. ఆ అమ్మాయికి నెల జీతం ఎలాగూ ఇస్తున్నారు, అద్దె ఎలాగూ కడుతున్నారు. అదే కూపన్ శనివారం సాయంత్రం వస్తే, పూర్తి ధర ఇచ్చే కస్టమర్‌ని వెనక్కి పంపాల్సి వస్తుంది. ఆమె మీద మీకు మిగలాల్సింది 820. అంటే అక్కడే 618 పోగొట్టుకున్నట్టు. డీల్ అదే, కూపన్ అదే, వచ్చిన వేళ ఒక్కటే తేడా.

కాబట్టి సోమవారం నుంచి గురువారం వరకే, పగలు 11 నుంచి 4 వరకే, ముందు ఫోన్ చేసి టైమ్ తీసుకుంటేనే అని రాయించండి. రోజుకి ఎన్ని కూపన్లు తీసుకుంటారో, మొత్తం ఎన్ని అమ్మాలో కూడా రాయించండి. నెలల విషయంలో మన పంచాంగం మీకు బాగా సాయపడుతుంది. శ్రావణం, మాఘం, వైశాఖం లాంటి పెళ్ళిళ్ళ నెలల్లో డీల్ జోలికి పోవద్దు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం లాంటి ముహూర్తాలు లేని నెలల్లో పెట్టండి. గడువు కూడా ముహూర్తాలు మొదలయ్యేలోపు ముగిసిపోవాలి. గడువు చివరి వారంలో మిగిలినవాళ్ళంతా ఒక్కసారిగా వచ్చి పడతారు, అది గుర్తుపెట్టుకుని తారీఖు పెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీ అమ్మాయిలు. చాలా పార్లర్లలో జీతంతోపాటు చేసిన బిల్లు మీద ఇంత అని ఇన్సెంటివ్ ఇస్తారు. డీల్ రోజున పని అంతే ఉంటుంది, బిల్లు సగమే కనిపిస్తుంది, ఆ అమ్మాయికి చేతికొచ్చేది తగ్గిపోతుంది. ఆ చిరాకు కస్టమర్ ముఖం మీద పెట్టిన చెయ్యిలోనే తెలిసిపోతుంది. ఇన్సెంటివ్ పూర్తి ధర మీదే లెక్కగట్టి ఇస్తామని ముందే చెప్పండి. పైన నేను చెప్పిన ధోలకియా పరిశీలనలో కూడా, పనివాళ్ళు సంతోషంగా ఉన్నారా లేదా అన్నదే డీల్ లాభనష్టాలను తేల్చిన పెద్ద అంశాల్లో ఒకటిగా బయటపడింది. నాకైతే ఆ పరిశీలన మొత్తంలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. కూపన్‌తో వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ, వాళ్ళు ఇష్టపడితే ఫోన్ నంబరూ, ఇదివరకు వచ్చారా లేదా, ఆ రోజు కూపన్ కాక ఇంకేం చేయించుకున్నారు అన్నవి రాయండి. మూడు నెలల తర్వాత వాళ్ళలో ఎవరు మళ్ళీ వచ్చారో టిక్కు పెట్టండి. యాప్ కంపెనీ చూపించే గ్రాఫుల కన్నా ఈ నోటుబుక్కు మీకు ఎక్కువ చెబుతుంది. రెండోసారి పెట్టాలా వద్దా అన్నది దాన్ని చూసి తేల్చుకోండి.

ప్రశ్న: ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. పేరు రావాలంటే ఒకసారి భారీ డిస్కౌంట్ ఇవ్వాలని మా తమ్ముడు అంటున్నాడు. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: వద్దమ్మా. ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో 2011లో ఏం జరిగిందో మీ తమ్ముడికి చెప్పండి. ఒక చిన్న బేకరీ ఆవిడ డజను కప్‌కేకుల మీద 75 శాతం తగ్గింపు పెట్టింది. 26 పౌండ్లవి ఆరున్నర పౌండ్లకు. ఎన్ని అమ్మాలో పరిమితి పెట్టుకోలేదు. 8,500 మంది కొన్నారు. అంటే 1,02,000 కప్‌కేకులు చేయాలి. ఏజెన్సీ నుంచి అదనపు పనివాళ్ళను తెచ్చుకుని, రాత్రీ పగలూ చేయించింది. ప్రతి డజను మీదా రెండున్నర నుంచి మూడు పౌండ్ల నష్టం. ఆ అదనపు పనివాళ్ళకూ పంపిణీకీ 12,500 పౌండ్లు ఖర్చయ్యాయి, ఆ ఏడాది సంపాదించుకున్న లాభం తుడిచిపెట్టుకుపోయింది. అన్నేళ్ళు కష్టపడి తెచ్చుకున్న నాణ్యత కూడా ఆ ఒత్తిడిలో నిలవదేమోనని ఆవిడ భయపడింది.

మీ ఇంట్లో ఒక ఓవెన్, రెండు చేతులు. మన సామెత ఉండనే ఉంది, పిండి కొద్దీ రొట్టె. ఎవరైనా పుట్టినరోజు కేకు తీసుకెళ్తే దానితోపాటు నాలుగు చిన్న కప్‌కేకులు కొసరుగా పెట్టి, డబ్బా మీద మీ నంబరు అంటించండి. ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు తిని చూస్తారు. ధర తగ్గించకుండానే మీ రుచి పది ఇళ్ళకు చేరుతుంది. ఒకసారి 900 కేకు 400కి ఇచ్చారంటే, తర్వాత 900 చెప్పినప్పుడు "అప్పుడు 400కే ఇచ్చారుగా" అంటారు. ఆ మాటకు మీ దగ్గర జవాబు ఉండదు.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిని. నెలకోసారి కుటుంబంతో కూపన్ మీదే హోటల్‌కి వెళ్తాం. కూపన్ చూపించగానే సప్లయర్ ముఖం మారిపోతుంది. నేను తప్పు చేస్తున్నానా? చిన్న హోటళ్ళకు నావల్ల నష్టమా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు ఇలా ఆలోచించడమే నాకు చాలా సంతోషం కలిగించింది. తప్పేమీ లేదు. హోటలాయన ఇష్టపడే పెట్టాడు, మీరు డబ్బిచ్చే కొన్నారు. మిమ్మల్ని తక్కువగా చూసే హక్కు ఎవరికీ లేదు.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కూపన్ ఉందని కూర్చోగానే చెప్పండి, బిల్లు వేశాక చెబితే కౌంటర్లో గొడవ అవుతుంది. టిప్ ఇచ్చే అలవాటుంటే తగ్గించిన బిల్లు మీద కాకుండా అసలు బిల్లు చూసి ఇవ్వండి. సప్లయర్ పూర్తి భోజనమే మోసుకొచ్చాడు. బాగుందనిపిస్తే ఇంకోసారి కూపన్ లేకుండా వెళ్ళండి. ఆ హోటల్ ఆ డీల్ పెట్టింది ఆ రెండో రాక కోసమే.

రేటింగ్ ఇచ్చేముందు కూడా ఒక్క క్షణం ఆగండి. అమెరికాలో యెల్ప్ అనే సైటులోని రివ్యూలను కొందరు పరిశోధకులు చూస్తే, గ్రూపాన్ మాట ఉన్న రివ్యూల్లో స్టార్లు మిగతావాటి కన్నా సగటున 10 శాతం తక్కువగా ఉన్నాయి. డీల్ రోజున జనం ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. ఆ ఒక్క రోజు చూసి రెండు స్టార్లు ఇస్తే ఆ మచ్చ ఏళ్ళ తరబడి ఆ చిన్న హోటల్ పేరు పక్కన ఉండిపోతుంది.

ప్రశ్న: ఆషాఢం డిస్కౌంట్లు మేమూ ఇస్తాం కదా, దానికీ యాప్ డీల్‌కీ తేడా ఏముంది? – చీరల షాపు యజమాని, రాజమహేంద్రవరం

జవాబు: చాలా ఉంది. ఆషాఢంలో ఏ చీర మీద ఎంత తగ్గించాలో మీరే నిర్ణయిస్తారు. ఆగిపోయిన సరుకు కదిలి, శ్రావణానికి కొత్త సరుకు తెచ్చుకునే డబ్బు చేతికొస్తుంది. కొన్నావిడ మీ కళ్ళెదుట ఉంటుంది, పూర్తి ధరవి కూడా నాలుగు విప్పి చూపిస్తారు. సొమ్ము మధ్యలో ఎవరి దగ్గరా ఆగదు. మీ పద్ధతిలో మీరుండండి.

ప్రశ్న: మాది కాస్త పెద్ద రెస్టారెంటు. ఏడాది పొడుగునా ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే మెంబర్‌షిప్ పథకాల్లో చేరమంటున్నారు. చేరకపోతే వెనకబడతామా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 2017లో జొమాటో గోల్డ్ అనే ఇలాంటి పథకమే మన దేశంలో మొదలైనప్పుడు చాలా హోటళ్ళు ఇదే టెన్షన్‌తో చేరాయి, పక్కవాడు చేరాడు కాబట్టి. 2019 ఆగస్టుకల్లా జాతీయ రెస్టారెంట్ల సంఘం ‘లాగౌట్’ అని పిలుపునిచ్చి, వందల హోటళ్ళు అలాంటి పథకాల నుంచి బయటికి వచ్చాయి. జనానికి డిస్కౌంట్ లేనిదే బయట తినని అలవాటు పడిపోయిందన్నది వాళ్ళ ఆవేదన. అందులో న్యాయం ఉందని నా అభిప్రాయం. ఒక్కరోజు డీల్‌కి ఆఖరు తేదీ ఉంటుంది. ఏడాది పొడుగునా ఉండే పథకంలో ఆ తగ్గింపే మీ అసలు ధర అయిపోతుంది. చేరేట్లయితే మూడు నెలలకే చేరండి. వారాంతాలూ పండగరోజులూ తీసేయించండి. ఒక్క బల్లకు ఒక్క మెంబర్‌షిప్ మాత్రమే అని రాయించండి, లేకపోతే నలుగురు కూర్చున్న బల్ల దగ్గర నాలుగు ఫోన్లు బయటికొస్తాయి.

ప్రశ్న: నేను ఇప్పటికే ఇరుక్కున్నాను మేడమ్. కారు వాష్ మీద డీల్ పెట్టాను, 300 కూపన్లు అమ్మేశారు. రోజుకి పది కార్ల కన్నా కడగలేను. జనం వచ్చి అరుస్తున్నారు, ఫోన్ ఆపేద్దామనిపిస్తోంది. కొందరిని తిప్పి పంపొచ్చా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఫోన్ మాత్రం ఆపకు తమ్ముడూ. డబ్బు తీసుకుని పని చేయకపోతే అది సేవాలోపం కిందికి వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కస్టమర్ ఫిర్యాదు చేయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఒక్క ఫోన్ చేస్తే చాలు. అంతదాకా రానివ్వకు.

ముందు ఈరోజే కంపెనీకి మెయిల్ రాసి కొత్త కూపన్ల అమ్మకం ఆపించు. ఫోన్‌లో చెబితే సరిపోదు, రాతలో ఉండాలి. తర్వాత గడువు పొడిగించమని అడుగు. నీ లెక్క ప్రకారం రోజుకి పది కార్లు. అందులో ఆరు కూపన్లకు ఇచ్చి, నాలుగు మామూలు బేరాలకు అట్టిపెట్టుకో. ఆ నాలుగిట్లోంచే నీ అద్దె రావాలి. రోజుకి ఆరు చొప్పున 300 కార్లకు 50 పనిదినాలు పడుతుంది. గడువు అంతకన్నా ముందే ముగుస్తుంటే, పొడిగింపు అడగడానికి ఈ లెక్కే చూపించు. తేదీలవారీగా ఒక పట్టిక రాసి, కూపన్ ఉన్నవాళ్ళందరికీ "మీ కారు ఫలానా రోజు, ఫలానా టైమ్" అని మెసేజ్ పంపు. తేదీ తెలిస్తే చాలామంది ఊరుకుంటారు. ఊరుకోనివాళ్ళకు డబ్బు వాపసు ఇప్పించు. వాపసు ఇచ్చినప్పుడు కమీషన్ ఎవరు భరించాలో నీ అగ్రిమెంటులో ఉంటుంది, ఆ పేజీ ఇవాళే తీసి చదువు. వాళ్ళు కాదంటే ఆ పేజీ ఫొటో నాకు పంపు, కంపెనీకి ఎలా రాయాలో నేను రాసి ఇస్తాను.